యల్లాప్రగడ సుబ్బారావుగారు

తొలకరివాన కురియగానే ఆదవాని, ఎమ్మిగనూరు ప్రాంతముల నల్లరేగడి చేలనుండి కమ్మని వాసన వెలువడుట మనమందర మెరిగినదే. మన్నులో నివసించు స్ట్రెప్టోమైసిస్ మొదలగు సూక్ష్మజీవులే యా వాసనకు ముఖ్యకారణము. అట్టి జీవి యొకదానినుండి దివ్యౌషధము లభించుటకు దోహద మొనర్చిన యాంధ్రుని చరిత్ర మిది.

సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీని భీమవరమున జన్మించిరి. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమారులు తప్పియు ధైర్యము విడువక, మూడవమారు చెన్నపురి హిందూ ఉన్నతపాఠశాలనుండి కృతార్థులైరి. స్ప్రూ అను జీర్ణకోశవ్యాధి తమ సోదరుడగు పురుషోత్తముగారిని బలిగొనగా, అట్టి వ్యాధులకు మందు కనుగొనవలెనను పట్టుదల వీరికి కలిగెను. చెన్నపురిలో వైద్యవిద్య నభ్యసించి, పిమ్మట అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున పరిశోధనలు గావించిరి. 1940లో లెడర్లీ ప్రయోగశాలలో ప్రవేశించి, పరిశోధనాధ్యక్షులైరి.

అచ్చట డెబ్బదియేండ్లు దాటిన వృక్షశాస్త్రజ్ఞులు బెంజమిన్ డగ్గరుగారు పలుతావుల మన్నును పరీక్షించుచుండిరి. 1945లో మిస్సోరీ విశ్వవిద్యాలయమువారి సాన్‌బర్న్ వ్యవసాయక్షేత్రమునుండి, తిమోతి గడ్డి పెంచిన మడిలోని మన్ను వారికి చేరెను. మన్నును నీట కలిపి, పలుచన చేసి, ఆహారము చేర్చిన అగర్ అను జిగురుపై పరచినచో సూక్ష్మజీవులు వేరువేరు గుంపులుగా పెరుగును. ఈ మన్నునుండి పెరిగిన గుంపులలో నొకటి బంగారువన్నె దాల్చి, రోగక్రిములను పెరుగనీయకుండెను.

అది క్రొత్తజాతి యని నిర్ణయించుట యెట్లు? వర్ణమొక్కటియే చాలదు. సూక్ష్మదర్శినిలో దాని దారములవంటి తంతువులను, బీజములను పరిశీలింపవలెను. ఏ యాహారముపై నెట్లు పెరుగునో గమనింపవలెను. తెలిసిన జాతులతో నొక్కొక్కటిగా పోల్చవలెను. ఇట్లు తేల్చి, స్వర్ణకారి యను నర్థము వచ్చునట్లు స్ట్రెప్టోమైసిస్ ఆరియోఫేషియెన్స్ అని డగ్గరుగారు 1948లో నామకరణము చేసిరి. పిదపకాలపు శాస్త్రజ్ఞులు దానిని కిటసాటోస్పోరా అను ప్రజాతిలో చేర్చిరి.

దానినుండి తీసిన ఆరియోమైసిన్, టెట్రాసైక్లిన్ మందులలో మొదటిది. పెన్సిలినుకు లొంగని పెక్కురోగములను గూడ నది మాన్పెను. సోదరుని మ్రింగిన స్ప్రూ వ్యాధికి సుబ్బారావుగారి బృందము తయారుచేసిన ఫోలికామ్లము మందయ్యెను. ఇంతటి మేలు చేసిన యీ మహనీయులు 1948 ఆగస్టులో, ఏబదిమూడేండ్ల ప్రాయముననే కీర్తిశేషులైరి.

బాలబాలికలారా! పరీక్ష తప్పిన బాలుడే ప్రాణదాతలకు నాయకుడాయెను. పరుల పేరు ప్రకాశించుచుండగా తాము వెనుక నిలిచి శ్రమించుట వీరి గొప్పతనము. ఓర్పుతో చూచువారికి పిడికెడు మన్నును విద్యాలయమే.