మెట్లు లేని వాద్యం: చార్లెస్ మింగస్

గంగారం మండలం పూనుగొండ్ల నుంచి పగిడిద్దరాజు మేడారానికి కదిలితే కోయల డోలి మోగుతుంది. మాదిగల డప్పు లేనిదే మన ఊళ్లలో చావైనా పండుగైనా సాగదు. వీణ మాత్రం ఆ వాడల దాకా రాదు. ఈ నిచ్చెనమెట్ల సమాజంలో ఎవరి చేతికి ఏ వాద్యమో పుట్టుకే తేలుస్తుంది. అమెరికాలో ఆ పని ఒంటి రంగు చేసింది. చార్లెస్ మింగస్ బతుకును మనం తలుచుకోవాల్సింది అందుకే.

మింగస్ 1922 ఏప్రిల్ 22న అరిజోనా రాష్ట్రంలోని నొగాలెస్‌లో పుట్టాడు. లాస్ ఏంజెలెస్‌లోని వాట్స్‌లో పెరిగాడు. చర్చి పాటలు వింటూ చెల్లో నేర్చుకున్నాడు. ఎంత బాగా వాయించినా శాస్త్రీయ సంగీతంలో నల్లవాడికి చోటు దొరకదని, బేస్ పట్టుకోమని నల్లజాతి స్నేహితుడు బడ్డీ కాలెట్ చెప్పాడు. మేలు కోరే చెప్పాడు. ఆ మాట చెప్పాల్సి రావడమే అన్యాయం.

డబుల్ బేస్ సుమారు ఆరడుగుల చెక్క వాద్యం. వీణకూ గిటారుకూ ఉన్నట్టు దానికి మెట్లుండవు. వేలు కాస్త జరిగినా స్వరం తప్పుతుంది. చెవే దారి చూపాలి. 1951లో ఫెండర్ కంపెనీ మెట్లున్న ఎలక్ట్రిక్ బేస్ గిటారు తెచ్చింది. మోయడం తేలిక, స్వరం పట్టడం తేలిక. చాలామంది అటు మళ్లారు. దాని మీద చేయి తిరిగినవాళ్లు డబుల్ బేస్‌కు వస్తే తీగ పొడవు పెరుగుతుంది, మెట్ల ఆసరా పోతుంది, చేతికి కొత్తగా నేర్పాల్సిందే. మింగస్ మాత్రం ఆ పెద్ద చెక్కనే నమ్ముకున్నాడు. న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్‌లో పనిచేసిన హెర్మన్ రైన్‌షాగెన్ దగ్గర ఐదేళ్లు నేర్చుకున్నాడు. బతుకు గడవక కొన్నాళ్లు తపాలా శాఖలో పనిచేశాడు.

వెనక నిలబడి తాళం మోసే వాద్యంతోనే ఆయన బృందాలను ముందుండి నడిపాడు. 1952లో మ్యాక్స్ రోచ్‌తో కలిసి డెబ్యూ రికార్డ్స్ సంస్థ పెట్టాడు. 1957లో లిటిల్ రాక్ బడిలోకి తొమ్మిది మంది నల్లపిల్లలు రాకుండా గవర్నర్ ఆర్వల్ ఫాబస్ సైనికులను దింపాడు. ఆయన్ను ఎద్దేవా చేస్తూ మింగస్ ‘ఫేబుల్స్ ఆఫ్ ఫాబస్’ కట్టాడు. 1959లో కొలంబియా రికార్డులో అది మాటలు లేకుండా వచ్చింది. మరుసటి ఏడాది క్యాండిడ్ అనే చిన్న సంస్థలో మాటలతో సహా వినిపించాడు.

చివరికి ఏఎల్‌ఎస్ అనే నరాల జబ్బు వేళ్లను కదలనివ్వలేదు. చక్రాల కుర్చీలో కూర్చుని టేప్ రికార్డర్‌లోకి పాడుతూ స్వరాలు కట్టాడు. 1979 జనవరి 5న మెక్సికోలో కన్నుమూశాడు. అప్పటికి ఆయన వయసు 56. భార్య సూ ఆయన చితాభస్మాన్ని రిషికేశ్ దగ్గర గంగలో కలిపింది.

మింగస్ బేస్‌లో గొప్పవాడయ్యాడు కాబట్టి చెల్లో దక్కకపోవడం న్యాయమైపోదు. డప్పూ డోలీ మనకు గర్వమే. ఆ గర్వాన్నే కంచెగా కట్టి మనల్ని అక్కడే ఉండమంటే ఒప్పుకోం. రేపు గంగారంలో ఓ పిల్ల వయొలిన్ కావాలంటే, అది నీది కాదని మేలుకోరి చెప్పాల్సిన అవసరం ఏ స్నేహితుడికీ రాకూడదు.