సర్ హంఫ్రీ డేవీ

పోచంపాడు వద్ద గోదావరిని నిలువరించే శ్రీరాంసాగర్ జలాశయానికి 42 ఉక్కు గేట్లున్నాయి. మంచినీటిలో నిలిచిన ఉక్కుకే తుప్పు భయం తప్పదు. ఇక ఉప్పునీటిలో తేలే ఓడల సంగతి చెప్పనక్కరలేదు. నీట మునిగిన లోహాన్ని మరొక లోహంతో కాపాడే ఉపాయాన్ని తొలుత శాస్త్రీయంగా నిరూపించినవాడు సర్ హంఫ్రీ డేవీ.

డేవీ 1778 డిసెంబరు 17న ఇంగ్లండులోని పెంజాన్స్ పట్టణంలో జన్మించాడు. 1794లో తండ్రి మరణించగా ఒక వైద్యునివద్ద శిష్యుడుగా చేరాడు. కవిత్వం రాసే ఆ యువకుని మనస్సును రసాయనశాస్త్రం ఆకర్షించింది. 1801లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో చేరి, 1807లో విద్యుత్తు సహాయంతో పొటాషియం, సోడియం లోహాలను వేరుచేశాడు. 1815లో గని కార్మికులకోసం రక్షకదీపం రూపొందించి కూడా దానిపై పేటెంటు తీసుకోలేదు. 1820లో రాయల్ సొసైటీ అధ్యక్షుడైనాడు.

1823లో బ్రిటిష్ నౌకాదళం ఒక చిక్కు సమస్యను అతని ముందుంచింది. ఆనాటి ఓడలు కొయ్యవి. పురుగులు తొలవకుండా వాటి అడుగున రాగిరేకులు తాపడం చేసేవారు. ఆ రేకులనే ఉప్పునీరు తినివేసేది. రెండు లోహాలు ఒకదానినొకటి తాకుతూ ఉప్పునీటిలో ఉంటే వాటి మధ్య విద్యుత్తు ప్రవహిస్తుందనీ, వాటిలో చురుకైనది కరిగి రెండవదానిని నిలుపుతుందనీ డేవీ గ్రహించాడు. రాగి వైశాల్యంలో నూరోవంతు ఇనుమునో జింకునో జోడిస్తే చాలునని ప్రయోగాలలో తేలింది. ఈ పరిశోధనను 1824లో రాయల్ సొసైటీకి సమర్పించాడు.

అయితే సముద్రం పెట్టిన పరీక్ష వేరు. రాగి చెక్కుచెదరలేదు గాని, గుల్లలూ నాచూ ఓడల అడుగున దట్టంగా పట్టి వేగం మందగించింది. కరిగే రాగిలోని విషమే అంతవరకు వాటిని దూరంగా ఉంచింది. రాగి కరగడం ఆగడంతో ఆ విషమూ కరవైంది. రోగం కుదిరింది, మందే తంటా తెచ్చింది! నౌకాదళం 1825లో ఆ లోహపు ముక్కలను తొలగించింది. విమర్శలకు డేవీ ఎంతో నొచ్చుకొన్నాడు. ఆరోగ్యం క్షీణించగా 1827లో అధ్యక్షపదవిని వీడి, 1829 మే 29న జెనీవాలో మరణించాడు.

తరువాత కొయ్య ఓడల స్థానంలో ఇనుప ఓడలు, ఉక్కు ఓడలు వచ్చాయి. డేవీ సూత్రం అప్పుడు మళ్లీ అక్కరకు వచ్చింది. గుల్లలు పట్టకుండా వేరే రంగులు పూయడంతో పాత చిక్కూ తగ్గింది. బోధన్ ప్రాంతపు ఇళ్లపై పరిచే జింకుపూత రేకులలో పనిచేసేదీ ఈ ధర్మమే: పూత గీసుకుపోయినచోట జింకు తాను కరుగుతూ ఇనుమును కాపాడుతుంది. ఉక్కు ఓడల అడుగున జింకు దిమ్మలను బిగిస్తారు. అవి అరిగిపోయినప్పుడు ఓడను డ్రైడాక్‌కు చేర్చి కొత్తవి అమరుస్తారు.