పింఛను అందని ఇంట పుట్టిన ప్రతీకార కథ

మన సంఘం ప్రత్యేక సంచికకు ఒక ప్రసిద్ధుని జీవితం గురించి వ్రాయమని కార్యదర్శిగారు అడిగారు. దేశనాయకుల గురించీ, సంఘ సంస్కర్తల గురించీ వ్రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. నేను నవలలు చదివి పొద్దుపుచ్చే మనిషిని. అందుచేత ఒక నవలాకారుని గురించి వ్రాస్తున్నాను. ఆయన ఫ్రెంచి రచయిత అలెగ్జాండర్ డ్యూమా. 'త్రీ మస్కటీర్స్', 'కౌంట్ ఆఫ్ మాంటీ క్రిస్టో' వ్రాసినవాడంటే చాలామందికి గుర్తుకు వస్తాడు. మన చిరంజీవి నటించగా 1986లో వచ్చిన 'వేట' సినిమాకు మూలం ఈ రెండో నవలే.

ఈయన్నే ఎన్నుకోవడానికి మరో కారణం కూడా ఉంది. ప్రతీకారం మీద ప్రపంచంలో వచ్చిన నవలల్లో పేరెన్నికగన్న దానిని వ్రాసిన ఈ మనిషి, కుటుంబ పింఛను నిరాకరించబడిన ఒక సైనికోద్యోగి ఇంట పెరిగాడు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ జీతాల బిల్లులూ, పింఛను కాగితాలూ చూసినవాణ్ణి గనుక ఈ సంగతి తెలిసిన తరువాత ఆ నవలను నేను మరో చూపుతో చదివాను.

డ్యూమా కథ ఆయన తండ్రితో మొదలుపెట్టాలి. తండ్రి థామస్ అలెగ్జాండర్ 1762లో కరీబియన్ దీవుల్లో ఒక ఫ్రెంచి వలసలో పుట్టాడు. నేటి హైతీ దేశం అదే. అతని తండ్రి ఫ్రెంచి ప్రభువంశీకుడు, తల్లి మారీ సెసెట్ అనే నల్లజాతి బానిస. కన్నతండ్రే కొడుకును ప్రయాణపు ఖర్చుల కోసం తాకట్టు పెట్టి, తరువాత విడిపించి ఫ్రాన్సుకు రప్పించుకున్నాడు. ఆ కుర్రవాడు 1786లో సాధారణ సిపాయిగా సైన్యంలో చేరాడు. వంశం పేరు వాడుకోకుండా తల్లి ఇంటిపేరు డ్యూమానే పెట్టుకున్నాడు. ఫ్రెంచి విప్లవం వచ్చి పుట్టుకకన్న పనితనానికి విలువ పెరిగిన రోజులు అవి. 1793 నాటికి, అంటే చేరిన ఏడేళ్ళకే, జనరల్ అయ్యాడు. ఆల్ప్స్ పర్వతాల్లో సేనలకు నాయకత్వం వహించాడు. 1798లో నెపోలియన్ ఈజిప్టు దండయాత్రలో అశ్వికదళానికి అధిపతిగా వెళ్ళాడు.

అక్కడ నెపోలియన్‌తో మాట పట్టింపు వచ్చింది. ఆ యుద్ధం దేశం కోసమా, ఒక మనిషి కీర్తి కోసమా అన్న అనుమానం సేనానుల్లో కలిగింది. డ్యూమా దానిని దాచుకోలేదు. 1799లో స్వదేశానికి బయలుదేరితే ఓడకు చిల్లిపడి దక్షిణ ఇటలీలోని టారంటో రేవులో దిగవలసి వచ్చింది. అది నేపుల్స్ రాజ్యం, అప్పుడు ఫ్రాన్సుకు శత్రువు. విచారణ లేకుండా రెండేళ్ళు కోటలో బంధించారు. 1801లో విడుదలై ఇంటికి చేరేసరికి ఆ భారీ మనిషికి ఒక కన్ను, ఒక చెవి పనిచేయడం లేదు. జైలులో తనకు విషం పెట్టారని ఆయన నమ్మకం. బకాయి జీతం కోసం అర్జీల మీద అర్జీలు పెట్టుకున్నాడు. ఫలితం లేకపోయింది. 1806 ఫిబ్రవరిలో కన్నుమూశాడు.

అప్పటికి మన రచయితకు నాలుగేళ్ళు నిండలేదు. ఆయన 1802 జులై 24న పారిస్‌కు ఈశాన్యంగా ఉన్న విల్లేర్ కొత్తెరే అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. ఫ్రెంచి వలసల్లో రద్దయిన బానిసత్వాన్ని నెపోలియన్ తిరిగి చెల్లుబాటు చేసిందీ ఆ ఏడాదే. తల్లి మారీ లూయీ భర్త పింఛను కోసం ఎన్నో గడపలు తొక్కింది. తోటి జనరళ్ళు కొందరు సిఫారసు చేసినా నెపోలియన్ కరగలేదని డ్యూమా తన ఆత్మకథలో చెప్పుకున్నాడు. జనరల్ భార్యగా బతికిన ఆమె చివరకు పొగాకు దుకాణం నడుపుకుని కొడుకును పెంచింది. ఫైలు తొక్కిపెడితే ఒక ఇంట్లో ఏమవుతుందో మనవాళ్ళకు వివరించి చెప్పనక్కరలేదు.

1815 జూన్‌లో నెపోలియన్ బండి ఆ ఊరి మీదుగా వెళ్ళింది, వాటర్లూ యుద్ధానికి. కొద్ది రోజులకు ఓడిపోయి అదే దారిన తిరిగి వచ్చింది. గుర్రాలు మార్చుకునే చోట పన్నెండేళ్ళ డ్యూమా ఆ మనిషిని రెండుసార్లూ కళ్ళారా చూశాడు. తన తల్లికి పింఛను లేకుండా చేసిన చక్రవర్తి అధికారం వారం రోజుల్లో ఎలా జారిపోతుందో చూశాడన్న మాట.

పెద్ద చదువు లేని డ్యూమా 1823లో ఉద్యోగం కోసం పారిస్ వెళ్ళాడు. తండ్రికి తెలిసిన పెద్దలను ఆశ్రయించాడు. జనరల్ ఫోయ్ అనే ఆయన లెక్కలు వచ్చునా, చట్టం తెలుసునా అని వరుసగా అడిగితే దేనికీ సరైన జవాబు లేదు. చిరునామా వ్రాసి పొమ్మన్నప్పుడు దస్తూరీ ముత్యాల కోవలా కనిపించింది. ఆ దస్తూరీ మీదనే ఓర్లియన్స్ ప్రభువు కార్యాలయంలో సాపు ప్రతులు వ్రాసే గుమాస్తాగా ఏడాదికి 1200 ఫ్రాంకుల జీతం మీద చేరాడు. పగలు కార్యాలయంలో కాపీలు, రాత్రి ఇంట్లో నాటకాలు. తల్లిని తన దగ్గరకు తెచ్చుకున్నాడు. 1829లో 'మూడవ హెన్రీ' నాటకం విజయవంతమై ఒక్క రాత్రిలో పేరు వచ్చింది. ఆ ప్రదర్శనకు ఆయన పనిచేసే కార్యాలయపు ప్రభువే ప్రేక్షకుడిగా వచ్చాడు.

1842లో డ్యూమా నెపోలియన్ సోదరుని కుమారుడైన ఒక యువరాజుతో కలిసి ఎల్బా ద్వీపం చూడటానికి వెళ్ళాడు. పగ పెట్టుకునేవాడైతే ఆ కుటుంబం ముఖం చూడకూడదు. ఈయన ఆ కుర్రవాడికి స్నేహితుడై వేటకు తిప్పాడు. ఆ ప్రయాణంలోనే సముద్రం మధ్య మాంటీ క్రిస్టో అనే నిర్జన ద్వీపం కనిపించింది. ఈ యాత్రకు గుర్తుగా ఒక నవలకు దాని పేరు పెడతానని మాట ఇచ్చాడు.

కథకు బీజం మాత్రం పోలీసు దస్తావేజుల నుంచి వచ్చింది. పారిస్ పోలీసు రికార్డులు చూసిన పెషే అనే ఆయన పుస్తకంలో పికో అనే చెప్పులు కుట్టేవాని వృత్తాంతం ఉంది. 1807లో పెళ్ళి కుదిరిన పికోను అసూయతో స్నేహితులు గూఢచారి అని అబద్ధపు ఫిర్యాదు చేసి జైలుకు పంపుతారు. ఏడేళ్ళ తరువాత, తోటి ఖైదీ ఇచ్చిన నిధితో బయటకు వచ్చి ఒక్కొక్కరినే మట్టుపెడతాడు. పగవాని పిల్లలను కూడా వదలడు. చివరకు తానూ హత్యకు గురవుతాడు. అందులో పగ తప్ప మరేమీ లేదు. మనసు మారినవాడు ఒక్కడూ లేడు.

ఆగస్టే మాకే అనే సహరచయిత తోడ్పాటుతో డ్యూమా ఈ ముడిసరుకును నవలగా మలచాడు. 1844 ఆగస్టు నుంచి 1846 జనవరి వరకు ఒక పారిస్ పత్రికలో సీరియల్‌గా వచ్చింది. పందొమ్మిదేళ్ళ నావికుడు ఎడ్మండ్ డాంటెస్‌ను 1815లో నిశ్చితార్థపు విందులోనే అరెస్టు చేస్తారు. ఓడలో అతని పెరుగుదల చూసి ఓర్వలేని డాంగ్లార్ ఎడమచేత్తో ఆకాశరామన్న ఉత్తరం వ్రాస్తాడు. అతని ప్రియురాలు మెర్సెడీస్‌ను కోరుకున్న ఫెర్నాండ్ దానిని పోస్టు చేస్తాడు. విల్ఫోర్ అనే ప్రభుత్వ న్యాయాధికారికి కుర్రవాడు నిర్దోషి అని తెలుసు. కానీ అతని వద్ద దొరికిన లేఖ తన తండ్రి పేరిట ఉంది. అది బయటపడితే తన ఉద్యోగం పోతుందని లేఖను కాల్చి, మనిషిని సముద్రం మధ్య కోటలో పాతిపెడతాడు. పద్నాలుగేళ్ళు! విచారణ లేని ఆ చెర వెనుక టారంటో కోటలోని తండ్రి నాకు కనిపిస్తాడు.

జైలులో చదువు చెప్పి నిధి రహస్యం ఇచ్చిన ముసలి పూజారి పేరు ఫారియా. ఈ పేరు మన గోవాలో పుట్టి పారిస్‌లో వశీకరణ విద్యతో పేరుపొందిన ఫారియా అనే పూజారి నుంచి డ్యూమా తీసుకున్నది. ఎల్.టి.సి. మీద గోవా వెళ్ళిన మిత్రులు పనాజీలో ఆయన విగ్రహం చూసే ఉంటారు.

పికో కథలో లేనివి, డ్యూమా కలిపినవి కొన్ని ఉన్నాయి. నిధి దొరికిన డాంటెస్ ముందుగా పగ తీర్చుకోడు, రుణం తీర్చుకుంటాడు. తన కోసం అధికారుల చుట్టూ తిరిగిన పాత యజమాని మోరెల్ దివాలా అంచున ఉంటే, పేరు చెప్పకుండా అప్పులన్నీ తీర్చి ప్రాణం నిలుపుతాడు. ఆ తరువాతే శత్రువుల వంతు. ఆ శిక్షలు కూడా చాలావరకు వాళ్ళ పాత పాపాలు బయటపడటం వల్ల వచ్చినవే.

ఇంతలో మెర్సెడీస్ వచ్చి తన కొడుకు ప్రాణం అడుగుతుంది. అతడు శత్రువు ఫెర్నాండ్ కొడుకు కూడా. మర్నాడు ద్వంద్వయుద్ధం. డాంటెస్ తాను చావడానికే సిద్ధపడి ఆమెకు మాట ఇస్తాడు. నిజం తెలిసిన ఆ కొడుకు అందరి ఎదుటా క్షమాపణ చెప్పుకోవడంతో ఇద్దరూ బతుకుతారు. ఈ ఘట్టం చదివినప్పుడు నాకు భాగవతంలో ద్రౌపది గుర్తుకు వచ్చింది. నిద్రలో తన పిల్లలను చంపిన అశ్వత్థామను కట్టి తెచ్చి ముందు నిలబెడితే, తనలా అతని తల్లి ఏడవకూడదని విడిచిపెట్టమంది. పగ సాగేచోట తల్లి అడ్డు నిలబడటం మనకు తెలిసిన ధర్మమే.

కానీ విల్ఫోర్ ఇంట్లో విషం పారుతుంది. చివరకు భార్య విషం తాగుతూ చిన్న కొడుకుకు కూడా పోస్తుంది. ఆ పసివాని శవం చూసి డాంటెస్ నిలువునా కంపిస్తాడు. తాను దేవుని చేతి కత్తినని అనుకున్నవాడికి మొదటిసారి తన హక్కు మీద అనుమానం వస్తుంది. మళ్ళీ ఆ పాత జైలు చూడటానికి వెళ్తాడు. పడిన బాధలు తలచుకుంటే మనసు కొంత కుదుటపడుతుంది. అయినా చివరి శత్రువు, అసలు ఉత్తరం వ్రాసిన డాంగ్లార్, చేతికి చిక్కి ఆకలితో మాడి పశ్చాత్తాపపడినప్పుడు క్షమించి పొమ్మంటాడు. అందరిలోకీ ఎక్కువ తప్పు చేసినవాడు బతికి బయటపడతాడు. చదువరికి ఇది మింగుడుపడదు. నాకూ మొదట పడలేదు. ఆ బిడ్డ చావు తరువాత ఇంకో ముగింపు వ్రాసి ఉంటే డాంటెస్‌కూ పికోకూ తేడా ఉండేది కాదు.

డ్యూమా జీవితంలో న్యాయం ఎప్పుడూ ఒకవైపే ఉందని చెప్పలేను. 1845లో ఒకడు ఆయన రంగును, పుట్టుకను ఎగతాళి చేస్తూ కరపత్రం వేస్తే కోర్టుకు వెళ్ళి గెలిచాడు. అదే డ్యూమా మీద మాకే కోర్టుకు వెళ్ళవలసి వచ్చింది. 1858లో మాకేకు సొమ్ము ఇవ్వాలన్నారు గాని పుస్తకాల మీద పేరు మాత్రం దక్కలేదు. తండ్రికి దక్కని గుర్తింపు కోసం బాధపడ్డవాడు తోటి రచయిత విషయంలో అంత ఉదారంగా లేడు. సంపాదించినదంతా ఖర్చు పెట్టి, 1847లో మాంటీ క్రిస్టో పేరుతో భవనం కట్టి, రెండేళ్ళకే అప్పులకు అమ్ముకున్నాడు. 1851లో అప్పులవాళ్ళ బాధకు బ్రస్సెల్స్ పారిపోయాడు.

1860లో గారిబాల్డీ నేపుల్స్ రాజవంశం మీద యుద్ధానికి దిగినప్పుడు డ్యూమా తన ఓడలో వెళ్ళి, విహారయాత్రకు దాచుకున్న సొమ్ముతో తుపాకులు కొనిచ్చాడు. తండ్రిని బంధించిన రాజ్యం అదే. ఆ రాజ్యం కూలిన తరువాత నేపుల్స్‌లో దాదాపు నాలుగేళ్ళు ఉండి పత్రిక నడిపాడు, ఆ రాజవంశపు చరిత్ర వ్రాశాడు. జైలు నుంచి తండ్రి తెచ్చిన నివేదికను ఆత్మకథలో అచ్చు వేయించాడు. ప్రభుత్వం మూసేసిన ఫైలును కొడుకు లోకం ముందు తెరిచి పెట్టాడు. నాకు తెలిసి ఇదే ఆయన తీర్చుకున్న పగ. ఎవరి బిడ్డా చావలేదు, మరుగునపడిన పేరు బయటకు వచ్చింది.

డ్యూమా 1870 డిసెంబర్ 5న కొడుకు ఇంట్లో చనిపోయాడు. 2002లో, పుట్టిన రెండు వందల ఏళ్ళకు, ఆయన అస్థికలను పారిస్‌లో మహాపురుషుల సమాధి మందిరమైన పాంథియాన్‌కు ప్రభుత్వ లాంఛనాలతో తరలించారు. తండ్రి విగ్రహాన్ని రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్ల ఆక్రమణలో తొలగించారు. దాని స్థానంలో 2009లో తెగిన బానిస సంకెళ్ళ స్మారకం నిలబెట్టారు. పింఛను మాత్రం ఆ తల్లి బతికి ఉండగా నెపోలియన్ ఇవ్వలేదు. ఆలస్యంగా వచ్చిన గౌరవం ఆమె అడిగిన పింఛనుకు సమానం కాదు.

మిత్రులారా, మనలో చాలామందికి మనసులో ఒక పేరు ఉంటుంది. పదోన్నతి అడ్డుకున్నవాడో, ఆకాశరామన్న ఉత్తరం వ్రాసినవాడో, కాగితం కదలనివ్వనివాడో. ఆ పేరు మరచిపొమ్మని నేను చెప్పను. డ్యూమా కూడా మరచిపోలేదు. రావలసినదాని కోసం సంఘంగా అడగడం మానవద్దు. వ్రాయవలసినది వ్రాసి పెట్టండి. సాయం చేసినవారి రుణం ముందు తీర్చండి. ఆ మనిషి మీద కోపం అతని పిల్లల గుమ్మం దాటకుండా చూసుకోండి. సెలవు.