ఆగడం నేర్పిన స్టాప్

మెకానిక్స్‌లో డిసెలరేషన్ లెక్క వచ్చినప్పుడల్లా నాకు ఒకాయన గుర్తొస్తాడు. పేరు జాన్ పాల్ స్టాప్. పేరుకి తగ్గట్టే ఆయన జీవితమంతా ఆగడం గురించే!

1910లో బ్రెజిల్‌లో పుట్టాడు. తల్లిదండ్రులు అమెరికన్ మిషనరీలు. 1928లో బంధువుల పసిబిడ్డ ఒకరు నిప్పంటుకుని చనిపోతే, కాపాడలేకపోయామన్న బాధతో డాక్టర్ కావాలనుకున్నాడు. చేతిలో డబ్బు లేక చాలా ఏళ్లు పట్టింది. బయోఫిజిక్స్‌లో పీహెచ్‌డీ, ఆ తర్వాత మెడిసిన్ పూర్తిచేసి 1944లో సైన్యంలో చేరాడు.

అప్పట్లో 18 జీ దాటితే మనిషి బతకడని నమ్మేవాళ్లు. స్టాప్‌కి అక్కడే అనుమానం. మనిషి పోతున్నది జీ వల్లా, లేక సీటూ బెల్టూ సరిగ్గా పట్టుకోకపోవడం వల్లా? మన నూజివీడు రసాలనే చూడండి. వరిగడ్డి వేసి బిగువుగా సర్దితే లారీ కుదుపులకి కాయ కమలదు. వదులుగా ఉంటేనే దెబ్బ. ఈ సంగతి తేల్చడానికి 1947 నుంచి పట్టాల మీద పరిగెత్తే రాకెట్ బండిలో తనే కూర్చున్నాడు. పక్కటెముకలు విరిగాయి, మణికట్టు విరిగింది. అయినా మానలేదు.

ఆయన్ని భయపెట్టింది మాత్రం కళ్లే. మన కంటి లోపల మామూలుగా 10 నుంచి 20 మిల్లీమీటర్ల పాదరసమంత ఒత్తిడి ఉంటుంది. ఫైటర్ విమానం గట్టిగా మలుపు తిరిగితే పైలట్ రక్తం కాళ్లవైపు దిగిపోతుంది. కంటిదాకా వచ్చే రక్తపోటు ఆ లోపలి ఒత్తిడి కంటే తగ్గిందంటే రెటీనాకి రక్తం అందదు. మెదడు ఇంకా పనిచేస్తూనే ఉంటుంది, కళ్లు మాత్రం బైర్లు కమ్ముతాయి. స్టాప్‌ది దీనికి తిరగేసిన కథ. ముందుకి చూస్తూ ఒక్కసారిగా ఆగితే రక్తం కళ్లలోకి తోసుకొస్తుంది, కనుగుడ్లు బయటికి లాగేసినట్టుంటుంది.

1954 డిసెంబర్ 10, న్యూమెక్సికో. గంటకి 1,017 కిలోమీటర్ల వేగం నుంచి 1.4 సెకన్లలో ఆగాడు. గరిష్ఠంగా 46.2 జీ. అంటే 70 కిలోల మనిషి ఆ క్షణంలో మూడు టన్నులు దాటి బరువైనట్టు. కళ్లలో రక్తనాళాలు చిట్లాయి, చూపు పోయింది. ఇలా జరగొచ్చని ఆయనకి ముందే తెలుసు. అందుకే ఇంట్లో లైట్లు ఆపేసి, చీకట్లో బట్టలు వేసుకోవడం కూడా ప్రాక్టీస్ చేశాడు. అదృష్టం కొద్దీ ఆ రోజే చూపు తిరిగొచ్చింది.

తర్వాత కార్లలో సీటు బెల్టు ఉండాలని ఏళ్ల తరబడి పోరాడాడు. 1966లో అమెరికాలో వాహన భద్రతా చట్టం మీద అధ్యక్షుడు సంతకం పెడుతుంటే అక్కడే ఉన్నాడు. 1999లో, 89 ఏళ్ల వయసులో, ఇంట్లోనే ప్రశాంతంగా కన్నుమూశాడు.

హనుమాన్ జంక్షన్ రోడ్డెక్కగానే, బీప్ గోల పడలేక బెల్టుని వీపు వెనక నుంచి తగిలించేవాళ్లని చూస్తుంటాను. ఆ బెల్టు నిలబడుతుందో లేదో చూడటానికి ఒక మనిషి తన కళ్లనే పణంగా పెట్టాడు. ముందు నుంచే పెట్టుకుందాం.