ఆర్మీ రేడియో ఇంజిన్ విప్పి.. సైకిల్‌కి బిగించి.. చిన్న షెడ్డులో మొదలైన హోండా కథ ఇదీ!

హోండా.. ఈ పేరు తెలియని ఇల్లు మన దగ్గర దాదాపు ఉండదు. యాక్టివా స్కూటర్ దగ్గర్నుంచి సిటీ కారు దాకా రోడ్డు మీద ఎక్కడ చూసినా ఆ పేరే. కానీ ఆ పేరు వెనకున్న మనిషి మొదట అమ్మింది బైకూ కాదు, కారూ కాదు. యుద్ధం అయిపోయాక మూలన పడేసిన చిన్న టూస్ట్రోక్ ఇంజిన్లను ఒక్కొక్కటిగా విప్పి, బాగుచేసి, మామూలు సైకిళ్లకు బిగించి అమ్మాడు. పెట్రోల్ ట్యాంక్‌గా ఆయన వాడిందేంటో తెలుసా? చలికాలంలో పక్కలో పెట్టుకునే వేడినీళ్ల డబ్బా! సోయిచిరో హోండా జీవితంలోని ఆ షెడ్డు రోజుల గురించి, అంతకుముందూ ఆ తర్వాతా ఏం జరిగిందో ఇప్పుడు చూద్దాం.

కమ్మరి కొడుకు.. ఆయిల్ వాసనంటే పిచ్చి

సోయిచిరో హోండా 1906 నవంబర్ 17న జపాన్‌లోని షిజువోకా ప్రాంతం కోమ్యో అనే పల్లెలో పుట్టారు. తండ్రి గిహే కమ్మరి. తర్వాత సైకిల్ రిపేర్ షాపు కూడా పెట్టారు. తల్లి మికా మగ్గం నేసేవారు. కొలిమి, సుత్తి, ఇనుము మధ్యే పెరిగిన పిల్లాడికి చదువు పెద్దగా అబ్బలేదు కానీ, కదిలే యంత్రం కనిపిస్తే చాలు, అక్కడి నుంచి కదిలేవాడు కాదు. ఊళ్లోకి మొదటిసారి మోటార్ కారు వచ్చినప్పుడు దాని వెనకాలే పరిగెత్తాడు. అది ఆగిన చోట నేల మీద కారిన ఆయిల్‌ని వేలితో తాకి వాసన చూశాడు. ఆ వాసన జన్మంతా వదల్లేదు.

ఇంకోసారి హమమట్సు పట్నంలో ఆర్ట్ స్మిత్ అనే అమెరికన్ పైలట్ విమాన విన్యాసాలు చేస్తున్నాడని తెలిసింది. ఇంట్లో చెప్పకుండా తండ్రి సైకిల్ తీసుకుని, సుమారు 20 కిలోమీటర్లు తొక్కుకుంటూ వెళ్లాడు. టికెట్‌కు డబ్బుల్లేవు. చెట్టెక్కి కూర్చుని చూసి వచ్చాడు.

15 ఏళ్లకే టోక్యో.. పని నేర్చుకుందామంటే పసిపిల్లను ఎత్తుకోమన్నారు

1922లో పదిహేనేళ్ల వయసులో టోక్యోలోని ఆర్ట్ షోకాయ్ అనే ఆటోమొబైల్ రిపేర్ గ్యారేజీలో పనికి చేరాడు. చేరగానే స్పానర్ చేతికిస్తారనుకున్నాడు. కానీ మొదట్లో యజమాని బిడ్డను ఆడించడం, ఊడవడమే పని. వెళ్లిపోదామా అనుకున్న రోజులూ ఉన్నాయి. అయినా ఓపిక పట్టాడు. ఓ రోజు పని ఎక్కువై కారు కింద దూరమని పిలుపొచ్చింది. అంతే.. ఆ తర్వాత వెనక్కి చూసింది లేదు.

1923 సెప్టెంబర్ 1న టోక్యోను భారీ భూకంపం కుదిపేసింది. మంటలు చుట్టుముడుతుంటే గ్యారేజీలోని కస్టమర్ కారును బయటకు తోలుకెళ్లి కాపాడాడు. యజమాని యూజో సకాకిబరా ఈ కుర్రాడి చేతి పనితనాన్ని అప్పుడే గుర్తించారు. పాత కర్టిస్ విమానం ఇంజిన్‌తో గ్యారేజీ వాళ్లు ఓ రేస్ కారు తయారు చేస్తే, 1924 నవంబర్‌లో జరిగిన పోటీలో డ్రైవర్ పక్కన మెకానిక్‌గా కూర్చున్నది హోండానే. ఆ కారే గెలిచింది.

1928లో యజమాని ఆశీస్సులతో హమమట్సులో అదే గ్యారేజీ పేరుతో బ్రాంచి తెరిచారు హోండా. కారు చక్రాలకు చెక్క ఆకుల బదులు లోహపు ఆకులు పోతపోసి పేటెంట్ కూడా సంపాదించారు. 1935లో సాచితో పెళ్లయింది. మరుసటి ఏడాది జూన్‌లో టామగావా ట్రాక్‌లో రేసు. సొంతంగా తయారు చేసిన కారులో తమ్ముడు బెంజిరోను పక్కన కూర్చోబెట్టుకుని దూసుకెళ్తుండగా ప్రమాదం జరిగింది. కారు పల్టీ కొట్టింది, అన్నదమ్ములిద్దరూ గాయపడ్డారు.

50 రింగులిస్తే.. పాసైనవి మూడే!

రిపేర్లు చేసి చేసి విసుగొచ్చింది. తయారీలోకి దిగాలనుకున్నారు. ఎంచుకున్నది చూడ్డానికి చిన్న వస్తువే.. పిస్టన్ రింగు.

పిస్టన్ చుట్టూ ఉండే ఈ లోహపు వలయం చేసే పని మాత్రం చిన్నది కాదు. మండే వాయువు పిస్టన్ పక్క నుంచి జారిపోకుండా ఆపాలి. సిలిండర్ గోడకు ఎప్పుడూ స్ప్రింగులా ఒత్తుకుని ఉండాలి, కానీ గోడను గీయకూడదు. వేడికి విరగకూడదు. హోండా పోతపోసిన రింగులు మాత్రం రాయిలా గట్టిగా వచ్చి, పుటుక్కున విరిగేవి. రాత్రీ పగలూ ఫౌండ్రీలోనే గడిపినా కారణం అంతుపట్టలేదు.

చివరికి హమమట్సులోని టెక్నికల్ కాలేజీకి రింగు పట్టుకుని వెళ్లారు. పరీక్షించి చూస్తే లోహంలో సిలికాన్ చాలడం లేదని తేలింది. తనకు చేతి పని తెలుసు కానీ లోహశాస్త్రం తెలియదని అర్థమైంది. ముప్పై ఏళ్లు దాటిన వయసులో, కుర్రాళ్ల మధ్య కూర్చుని పాఠాలు విన్నారు. తనకు కావాల్సిన క్లాసులే విన్నారు, పరీక్షలు రాయలేదు. దాంతో రెండేళ్లకు కాలేజీ వాళ్లు పేరు కొట్టేశారు. ఆయన పట్టించుకోలేదు. సర్టిఫికెట్ కోసం కాదుగా వెళ్లింది!

సుమారు 30 వేల రింగులు పోతపోసి, వాటిలో మేలైనవి 50 ఏరి టొయోటాకు పంపితే పరీక్షలో నిలిచినవి మూడే. ఇంకెవరైనా అయితే అక్కడితో మూటాముల్లె సర్దేసేవారు. హోండా మాత్రం ఉక్కు ఫ్యాక్టరీలు, యూనివర్సిటీలు తిరిగి తప్పులు దిద్దుకున్నారు. చివరికి ఆయన కంపెనీ తోకాయ్ సైకీ టొయోటాకు రింగులు సరఫరా చేసే స్థాయికి చేరింది.

బాంబులు, భూకంపం.. ఏడాది పాటు ఖాళీ

యుద్ధంలో హమమట్సు మీద బాంబులు కురిశాయి. 1945 జనవరిలో వచ్చిన భూకంపానికి ఇవాటాలోని ఫ్యాక్టరీ కూలింది. యుద్ధం ముగిశాక మిగిలిన వాటాను టొయోటాకు 4 లక్షల 50 వేల యెన్‌లకు అమ్మేసి, ఏ పనీ చేయనని ప్రకటించి ఇంట్లో కూర్చున్నారు. ఓ డ్రమ్ము ఆల్కహాల్ కొని ఇంట్లోనే మందు తయారు చేసుకోవడం, స్నేహితులతో తాగడం, వెదురు వేణువు ఊదడం.. ఇదీ దినచర్య. ఇల్లు గడిపే భారమంతా సాచి మీదే పడింది. బియ్యం దొరకడమే గగనంగా ఉన్న రోజులవి. ఆమె సైకిల్ తొక్కుకుంటూ ఊళ్లు తిరిగి తిండిగింజలు తెచ్చేది.

1946లో మళ్లీ కదిలారు. హమమట్సులో 50 చదరపు మీటర్లు మాత్రమే ఉన్న షెడ్డు వేసి, హోండా టెక్నికల్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ అని బోర్డు పెట్టారు. పేరు పెద్దది.. లోపల ఉన్నది పాత మెషీన్లు, కొద్దిమంది మనుషులు. ఏం తయారు చేయాలో కూడా అప్పటికి తేలలేదు.

మలుపు తిప్పిన చిన్న ఇంజిన్

సరిగ్గా అప్పుడే ఓ స్నేహితుడి ఇంట్లో ఒక చిన్న ఇంజిన్ కంటపడింది. జపాన్ సైన్యం రేడియోలకు కరెంటు ఇచ్చే జనరేటర్ నడపడానికి వాడిన 50 సీసీ టూస్ట్రోక్ ఇంజిన్ అది. యుద్ధం ముగిశాక వాటిని అడిగేవాడు లేడు. దాన్ని చూడగానే హోండాకు సాచి సైకిల్ గుర్తొచ్చింది. రైళ్లలో కాలు పెట్టే చోటుండదు, బస్సులు తక్కువ, జనానికి ఉన్నది సైకిలే. దానికి ఇది తగిలిస్తే?

ఇలాంటి ఇంజిన్లు సుమారు 500 దొరికాయి. అయితే తెచ్చినవి తెచ్చినట్టు అమ్మలేదు. ప్రతి ఇంజిన్‌నూ పూర్తిగా విప్పి, సరిచేసి, మళ్లీ బిగించి, సైకిల్‌పై నడిపి చూశాకే బయటకు పంపేవారు.

టూస్ట్రోక్‌ను చిన్న షెడ్డులో విప్పి బిగించడం ఎలా సాధ్యం? ఎందుకంటే అందులో వాల్వులు, క్యామ్‌షాఫ్ట్ లాంటివి ఉండవు. సిలిండర్ గోడకున్న రంధ్రాలను పైకీ కిందకీ కదిలే పిస్టనే మూస్తుంది, తెరుస్తుంది. హెడ్ విప్పి, సిలిండర్ పైకి లాగితే పిస్టన్ చేతికొస్తుంది. పని తేలికే కానీ, మూడు చోట్ల జాగ్రత్త తప్పదు.

మొదటిది మసి. ఆయిల్‌ను పెట్రోల్‌లోనే కలపాలి కాబట్టి అది కూడా కాలి పిస్టన్ తల మీద, పొగ బయటకు వెళ్లే రంధ్రంలో పేరుకుంటుంది. గీకి తీయకపోతే ఇంజిన్ ఊపిరాడక గుంజదు.

రెండోది రింగు. మసికి గాడిలో ఇరుక్కుపోయినా, అరిగినా కంప్రెషన్ పోతుంది. కొత్త రింగు వేసేటప్పుడు దాని రెండు కొసలు గాడిలోని చిన్న పిన్ను దగ్గరే కూర్చోవాలి. లేదంటే రింగు తిరిగి, కొస వెళ్లి రంధ్రంలో తగులుకుని విరుగుతుంది.

మూడోది గాలి లీకు. పెట్రోల్, గాలి కలిసిన మిశ్రమం ముందు పిస్టన్ కింద ఉండే క్రాంక్‌కేస్‌లోకి వచ్చాకే పైకి వెళ్తుంది. అందుకే కింది గ్యాస్కెట్ ఏమాత్రం గాలి పీల్చినా ఇంజిన్ సరిగా స్టార్ట్ కాదు, అయినా వేడెక్కిపోతుంది.

ఏళ్ల తరబడి రింగులతోనే కుస్తీ పట్టిన మనిషికి ఇంతకంటే తగిన పని ఏముంటుంది? అప్పట్లో నష్టంలా కనిపించిన చదువు ఇక్కడ అక్కరకొచ్చింది.

తొలి టెస్ట్ రైడర్ భార్యే

మొదట ఇంజిన్‌ను హ్యాండిల్ ముందు పెట్టి, రబ్బరు రోలర్‌తో ముందు చక్రాన్ని తిప్పించారు. ఆ కాలపు నాసిరకం టైర్లు ఆ రాపిడికి తట్టుకోలేకపోయాయి. దాంతో ఇంజిన్‌ను ఫ్రేమ్ మధ్యలోకి మార్చి, బెల్టుతో వెనక చక్రానికి కలిపారు. ఇది కుదిరింది.

ఆడవాళ్లు నడపగలరా లేదా చూడాలని సాచిని ఎక్కించారు. ఆమె ఊరి వీధుల్లో చక్కర్లు కొట్టి వచ్చింది.. బట్టల నిండా ఆయిల్ మరకలతో! ఇలాగైతే కొన్నవాళ్లు తిట్టుకుంటారని మొహం మీదే చెప్పేసింది. కార్బ్యురేటర్ నుంచి పెట్రోల్, ఆయిల్ వెనక్కి చిమ్ముతున్నాయని తేలింది. హోండా మారు మాట్లాడకుండా ఆ లోపాన్ని సరిచేశారు.

ఇక పెట్రోల్ సంగతి. అప్పుడు అదీ రేషనే. పైన్ చెట్ల వేళ్ల నుంచి తీసిన నూనెను పెట్రోల్‌లో కలిపి నడిపారు. పొగ, ఘాటు వాసన వీధంతా కమ్మేసేవి. చేసే చప్పుడును బట్టి జనం దానికి బటా బటా అని పేరు పెట్టారు. ఎన్ని అన్నా కొనేవాళ్లు మాత్రం నగోయా, ఒసాకా లాంటి దూర ఊళ్ల నుంచి కూడా వచ్చి షెడ్డు ముందు నిలబడ్డారు.

స్టాక్ అయిపోయింది.. సొంత ఇంజిన్ పుట్టింది

500 ఇంజిన్లు ఎన్నాళ్లొస్తాయి? అవి అయిపోతే షెడ్డు మూతపడాల్సిందే. అప్పుడే సొంతంగా తయారు చేయాలని నిర్ణయించారు. మొదట చేసిన డిజైన్‌లో సిలిండర్ పొగగొట్టంలా పొడుగ్గా ఉండేది. అప్పటి పనిముట్లతో అంత కచ్చితంగా తయారు చేయడం కుదరక పక్కన పెట్టారు. 1947లో వచ్చిన ఏ-టైప్ ఇంజిన్ నిలబడింది. హోండా పేరుతో మార్కెట్లోకి వెళ్లిన తొలి ఉత్పత్తి అదే.

1948 సెప్టెంబర్ 24న 10 లక్షల యెన్‌ల పెట్టుబడితో, 34 మందితో హోండా మోటార్ కంపెనీ పుట్టింది. 1949లో 98 సీసీ టూస్ట్రోక్ ఇంజిన్‌తో డ్రీమ్ డి-టైప్ బైక్ వచ్చింది. అదే ఏడాది టకేవో ఫుజిసావా చేరారు. డబ్బు, అమ్మకాలు ఆయన చూసుకుంటే, ఇంజిన్లు హోండా చూసుకునేవారు. 1952లో సైకిల్‌కు తగిలించే కబ్ ఇంజిన్ వచ్చినప్పుడు ఫుజిసావా దేశంలోని 50 వేలకు పైగా సైకిల్ షాపులకు ఉత్తరాలు రాశారు. వేలాది షాపుల నుంచి స్పందన వచ్చింది.

అన్నం పెట్టిన టూస్ట్రోక్‌నే వదిలేశారు

ఇక్కడే అసలు ట్విస్ట్. టూస్ట్రోక్‌తో పైకొచ్చిన హోండాకు దాని పొగ, చప్పుడు, పెట్రోల్ తాగే గుణం నచ్చేవి కావు. 1951లో ఫోర్‌స్ట్రోక్ ఇంజిన్‌తో డ్రీమ్ ఈ-టైప్ తయారైంది. ఆ జూలైలో గాలివాన మధ్య హకోనే కొండ ఎక్కించి పరీక్షించారు. వెనకాల కారులో వస్తున్న హోండా, ఫుజిసావా ఆ బైక్‌ను అందుకోలేకపోయారు. 1958లో వచ్చిన ఫోర్‌స్ట్రోక్ సూపర్ కబ్ అయితే చరిత్రే.. 2017 నాటికి 10 కోట్ల బండ్లు తయారయ్యాయి. 1961లో ఐల్ ఆఫ్ మ్యాన్ రేసుల్లో 125, 250 సీసీ రెండు విభాగాల్లోనూ మొదటి ఐదు స్థానాలూ హోండావే.

మన దగ్గరా అదే కథ నడిచింది. చేతక్‌లు, లూనాలు, టీవీఎస్ 50లు పొగ వదులుతూ తిరుగుతున్న రోజుల్లో, పెట్రోల్ బంకులో ఆయిల్ కలిపించుకోవడం అలవాటైన జనం మధ్యకు 1985లో హీరో హోండా సీడీ 100 వచ్చింది. ఆయిల్ కలపక్కర్లేదు, మైలేజీ ఎక్కువ.. ఊరూరా హిట్టయింది. ఇప్పుడు టూస్ట్రోక్ మన పొలాల్లో పవర్ స్ప్రేయర్లలో, గడ్డి కోసే మెషీన్లలో, ఆకులు ఊడ్చే బ్లోయర్లలో మాత్రమే ఎక్కువగా కనిపిస్తోంది.

పేరు మాత్రమే ఇచ్చారు.. కుర్చీ ఇవ్వలేదు

1973లో ఫుజిసావాతో కలిసి ఒకేసారి తప్పుకున్నారు హోండా. కుర్చీ కొడుక్కి ఇవ్వలేదు. షెడ్డు రోజుల్లో ఇంజినీర్‌గా చేరి, హకోనే కొండ మీద ఆ బైక్ నడిపిన కియోషి కవషిమానే తర్వాతి ప్రెసిడెంట్ అయ్యారు. పదవి దిగాక హోండా దేశమంతా తిరిగి ఫ్యాక్టరీలు, షోరూముల్లో పనిచేసే వాళ్లకు స్వయంగా షేక్‌హ్యాండ్ ఇచ్చి కృతజ్ఞతలు చెప్పారు.

1991 ఆగస్టు 5న 84 ఏళ్ల వయసులో కన్నుమూశారు. కార్లు, బైకులు అమ్మి బతికిన వాళ్లం మన వల్ల ట్రాఫిక్ ఆగకూడదన్నది ఆయన అభిప్రాయం. అందుకే కంపెనీ తరఫున భారీ అంత్యక్రియలు జరపలేదు.

ఇంట్లో మూలన పడిన స్ప్రేయరో, పాత లూనానో విప్పి కూర్చున్న వాళ్లకు ఈ కథలో పనికొచ్చే ముక్క ఒకటుంది. బిగించి చూడగానే స్టార్ట్ అయితే పని అయిపోయినట్టు కాదు. ఆ షెడ్డులో ప్రతి ఇంజిన్‌నూ రోడ్డు మీద నడిపి చూశాకే అమ్మేవారు. నడిపి వచ్చినవాళ్లు బట్టల మీద మరక చూపిస్తే, మళ్లీ విప్పేవారు.