పదేండ్ల సగటు — బెంజమిన్ గ్రాహమ్ జీవితము

ఈ సంవత్సరము తరగతిలో ఛందస్సు చెప్పుచుండగా వెనుక బల్లలలో ఒకరిద్దరు విద్యార్థులు సెల్‌ఫోను తెరపై వాటాల ధరలు చూచుకొనుట మా కంటబడినది. కోపగించుటకు ముందు, ఆ కంపెనీ ఏమి తయారు చేయును, ఏటికెంత లాభము ఆర్జించును అని అడిగినాము. నిన్నటికంటె ధర పెరిగినదన్న మాట తప్ప వారి వద్ద వేరు సమాధానము లేకపోయినది. ఫ్యూచర్స్, ఆప్షన్స్ వ్యాపారములో దిగిన వ్యక్తులలో నూటికి 93 మంది 2021-22 మొదలు మూడేండ్లలో నష్టపోయినారని సెబీ 2024లో ప్రకటించినది. ఆ తొంబదిముగ్గురిలో మన బిడ్డలు ఎందరో మేమెరుగము. వాణిజ్యశాస్త్రము మా విషయము కాకపోయినను, ఒక వాటాకు తగిన వెల యెంత అను ప్రశ్నకే జీవితము ధారపోసిన ఒక మనీషి కథను ఈ సంచికలో చెప్పవలెనని సంకల్పించుటకు కారణమిదియే.

బెంజమిన్ 1894 మే 9వ తేదీన లండను నగరములో ఒక యూదు కుటుంబమున జన్మించినాడు. ఇంటిపేరు గ్రాస్‌బామ్. ఏడాది బిడ్డగా ఉండగనే తల్లిదండ్రులు న్యూయార్కు చేరినారు. తండ్రి పింగాణీ సామగ్రి దిగుమతి చేసుకొని అమ్మెడివాడు. ఇల్లు కలిగిన ఇల్లే. కాని 1903లో తండ్రి మరణించుటతో వ్యాపారము నిలువలేదు. తల్లి డొరోతి భోజన వసతి గృహమొకటి నడిపి చూచినది, అదియు సాగలేదు. మిగిలిన కొద్ది సొమ్ముతో, అప్పుపై వాటాలు కొన్నది. 1907 నాటి బజారు పతనములో ఆ సొమ్మును పోయినది. తల్లి ఇచ్చిన చిన్న చెక్కును మార్చుటకు బ్యాంకుకు పోయిన బాలునికి, ఆమె పేర ఐదు డాలర్లు ఇయ్యవచ్చునా యని లోపలి గుమాస్తాలు ఒకరినొకరు అడుగుకొనుట వినబడినదట. పదమూడేండ్ల వయసులో చెవిన బడిన అట్టి మాట మరపునకు రాదు. అతని తర్వాతి జీవితములోని జాగ్రత్తకు మూలము అక్కడనే ఉన్నదని మా అభిప్రాయము.

చదువులో అతడు అసాధారణుడు. గ్రీకు, లాటిను కావ్యములపై మక్కువ, గణితముపై ప్రేమ. కొలంబియా విశ్వవిద్యాలయమునకు ఉపకారవేతనము కొరకు పరీక్ష వ్రాసినాడు, అది అతనికి దక్కలేదు. అదే విశ్వవిద్యాలయములో అదే ఇంటిపేరుతో అతని దాయాది ఒకడు అప్పటికే ఉపకారవేతనము పొందుచుండెను. కార్యాలయము వారు ఇద్దరిని ఒక్కరిగా భావించినారు! ఆ పొరపాటు బయటపడువరకు ఈ మేధావి తలుపుగంటలు బిగించు పనితో దినములు గడపినాడు. అర్జీ తిరస్కరింపబడిన మన విద్యార్థులు ఈ ఘట్టమును గుర్తుంచుకొనవచ్చును. తప్పు దిద్దబడిన పిమ్మట చేరి, 1914లో తన తరగతిలో ద్వితీయునిగా పట్టా పుచ్చుకొన్నాడు. ఇంగ్లీషు, గణితము, తత్త్వశాస్త్రము, ఈ మూడు శాఖల వారును ఆ ఇరువదేండ్ల యువకునికి అధ్యాపక పదవి ఇయ్యజూపినారు. ఇంటి దారిద్ర్యము అతనిని మరియొక దారి పట్టించినది. వాల్‌స్ట్రీటులో ఒక దళారీ సంస్థలో వారమునకు 12 డాలర్ల జీతముపై చేరి, నల్లబల్లపై సుద్దముక్కతో ధరలు వ్రాయు పనితో జీవనము ప్రారంభించినాడు. మొదటి ప్రపంచయుద్ధ కాలములో జర్మను వాసన కొట్టు ఇంటిపేరును ఆ కుటుంబము గ్రాహమ్‌గా మార్చుకొన్నది.

ఆనాటి వాల్‌స్ట్రీటులో వాటా అనగా పందెపు చీటీ వంటిది. ఎవరు కొనుచున్నారు, ఎవరు అమ్ముచున్నారు అన్న గుసగుసయే శాస్త్రము. గ్రాహమ్ మాత్రము కాగితములు చదివినాడు. 1926లో నార్తరన్ పైప్‌లైన్ అను చమురు రవాణా సంస్థ ప్రభుత్వ కమిషనుకు సమర్పించిన నివేదికను వాషింగ్టను పోయి తిరుగవేసినాడు. వాటా ధర 65 డాలర్లు. ఆ సంస్థ పెట్టెలో ఉన్న రైల్వే బాండ్లు మొదలగు వాని విలువ వాటాకు 95 డాలర్లు! ఎవరును చూడలేదు, ఏలయన అడిగినవారు లేరు. రెండేండ్లు పోరాడి, వాటాదారుల మద్దతు కూడగట్టి, ఆ సొమ్ములో అధికభాగము వాటాదారులకు పంచునట్లు చేసినాడు.

1928 నుండి కొలంబియాలో సాయంకాలపు తరగతులు చెప్పసాగినాడు. జెరోమ్ న్యూమన్ అను వాడు అతనికి భాగస్వామి. 1929 ఆరంభమునకు వారి చేతిలో ఇతరుల సొమ్ము 25 లక్షల డాలర్లు ఉన్నది. తరువాత ఏమైనదో లోకమెరుగును. 1929 సెప్టెంబరులో 381 ఉన్న డౌ జోన్స్ సూచి 1932 జూలై నాటికి 41కి దిగినది. గ్రాహమ్ ఖాతా ఆ నడుమ నూటికి 70 వంతులు కోల్పోయినది. అతడు మూర్ఖుడు కాడు, జూదరి కాడు. కాని అప్పు చేసి కొన్న వాటాలు అతని వద్దను ఉన్నవి, 1930లో పతనము ముగిసినదని భ్రమపడినవారిలో అతడును ఉన్నాడు. తల్లి చేసిన తప్పునే కుమారుడు మరింత పెద్ద మొత్తముతో చేసినాడనుట కఠినమే గాని అసత్యము కాదు. ఐనను అతడు పారిపోలేదు. నష్టము పూడువరకు తమ ప్రతిఫలము తీసికొనక భాగస్వాములిద్దరును శ్రమించి, 1935 చివరకు ఆ గుంట పూడ్చినారు. ఇతరుల ధనము చేతబట్టువాని శీలమునకు గీటురాయి లాభకాలము కాదు, ఇట్టి ఐదేండ్లు.

ఆ చీకటి దినములలోనే అతని ముఖ్యగ్రంథము పుట్టినది. తరగతిలో చెప్పిన పాఠములను డేవిడ్ డాడ్ అను సహాధ్యాపకుడు వ్రాసిపెట్టగా, ఇరువురి పేరిట 1934లో ‘సెక్యూరిటీ అనాలిసిస్’ వెలువడినది. ఆ ఉద్గ్రంథములోని ఒక్క విషయము మాత్రమే ఇచ్చట విస్తరించి చెప్పెదము.

వాటా ధరను వాటాకు వచ్చు సాలుసరి లాభముతో భాగించి, ఇది ఇన్ని రెట్లు అనుట లోకాచారము. రెట్లు తక్కువైన చౌక, ఎక్కువైన ప్రియము. గ్రాహమ్ అడిగినది, ఏ సంవత్సరపు లాభము? 1929 వరకు బజారు నిన్నటి సాలును మాత్రమే చూచి, రేపు అంతకు రెట్టింపని ఊహించినది. ఒక్క సాలు లాభము ఒక్క వర్షర్తువు పంట వంటిది. దానిని చూచి పొలమునకు వెల కట్టు రైతు లేడు. కనీసము ఐదేండ్లు, వీలైన ఏడు లేక పదేండ్ల లాభములను కూడి సగటు తీయుమని అతడు విధించినాడు. మంచి సాలులును చెడ్డ సాలులును ఆ సగటులో కలిసిపోవును. అట్టి సగటుకు 16 రెట్లకు మించి వెల యిచ్చువాడు పెట్టుబడిదారు కాడు, జూదరియని ఆ మొదటి కూర్పులో హద్దు గీచినాడు.

ఒక కల్పిత ఉక్కు కంపెనీని తీసికొందము. వాటాకు వచ్చిన లాభము వరుసగా పదేండ్లకు రూపాయలలో 4, 6, 2, తరువాత 3 నష్టము, పిదప 5, 9, 12, 10, 15, 20. నేటి ధర 200. గత సాలు లాభము 20 గనుక ధర పది రెట్లే, మహా చౌకయని దళారి చెప్పును. పదేండ్ల మొత్తము 80, సగటు 8. ధర 25 రెట్లు! గ్రాహమ్ హద్దు ప్రకారము 128 రూపాయలకు మించి ఇయ్యరాదు.

ఇచ్చట బుద్ధిమంతుడైన విద్యార్థి ఒక ఆక్షేపణ చేయును. పదేండ్ల క్రిందటి 4 రూపాయలును నేటి 4 రూపాయలును ఒక్కటియా? కావు. ఆనాడు కిలో బియ్యము ధర యెంతో ఇంట అమ్మనడిగిన తెలియును. ఏటికి నూటికి 5 చొప్పున ధరవరలు పెరిగినవనుకొనిన, మొదటి సాలు 4 రూపాయలు నేటి లెక్కలో సుమారు 6 రూపాయల 20 పైసలగును. నాల్గవ సాలు నష్టము కూడ 3 నుండి 4కు పెరుగునని మరువరాదు. ప్రతి సాలును అట్లు సవరించి కూడిన మొత్తము దాదాపు 92, సగటు 9 రూపాయల 20 పైసలు, ధర సుమారు 22 రెట్లు. ద్రవ్యోల్బణమును లెక్కకు తెచ్చిన, వాటా ముందనుకొన్నంత ప్రియము కాదు, దళారి చెప్పినంత చౌకయు కాదు. వాటాల సంఖ్య నడుమ పెరిగినను, కంపెనీ మరియొకదానిలో కలిసినను పాత అంకెలను తదనుగుణముగ దిద్దుకొనవలెను. నిన్న మొన్న పుట్టిన కంపెనీకి, వృత్తియే మారిన కంపెనీకి ఈ సగటు పనికిరాదు. ఉక్కు, సిమెంటు, పంచదార వలె ఎత్తుపల్లములు గల పరిశ్రమలకు ఇది బాగుగ నప్పును.

ద్రవ్యపు విలువ నిలుకడగా ఉండదన్న సంగతి గ్రాహమ్‌ను ఎంతయో బాధించినది. 1937లోను 1944లోను రెండు గ్రంథములు వ్రాసి, ధాన్యము, ప్రత్తి, లోహములు వంటి సరకుల నిల్వలే నాణెమునకు ఆధారము కావలెనని ప్రతిపాదించినాడు. ఆర్థికవేత్తలు చర్చించినారు, ప్రభుత్వములు పట్టించుకొనలేదు. తన పేరు నిలుచునది ఈ ప్రతిపాదన వలననేయని అతడు తలచినాడట. కాలము వేరుగ తీర్పు చెప్పినది.

1949లో సామాన్యుల కొరకు ‘ది ఇంటెలిజెంట్ ఇన్వెస్టర్’ వ్రాసినాడు. దాని ముందు సంవత్సరము గైకో అను బీమా సంస్థలో సగము వాటాను 7,12,000 డాలర్లకు కొనుట జరిగినది. తన చేతి సొమ్ములో నాల్గవ వంతును ఒక్కచోట పెట్టరాదని శిష్యులకు చెప్పినవాడే ఇచ్చట దాదాపు అంత పెట్టినాడు. తమాషా యేమన, ఇరువదేండ్లలో మిగిలిన కొనుగోళ్లన్నిటి లాభమును కూడినను ఆ ఒక్కదాని లాభమునకు సరిరాలేదు. ఈ సంగతిని అతడే తన గ్రంథపు చివరి కూర్పులో పేరు చెప్పక ఒప్పుకొన్నాడు. ఆ నిజాయితీ మాకు ఆ లాభముకంటె విలువైనదిగ తోచినది. శిష్యులలో వారెన్ బఫెట్ జగత్ప్రసిద్ధుడు. 1954 నుండి రెండేండ్లు గురువు సంస్థలోనే కొలువు చేసినాడు.

ఇంటి జీవితము సుఖమయము కాదు. న్యూటన్ మహాశయుని పేరు పెట్టుకొన్న పెద్దకుమారుడు 1927లో ఎనిమిదేండ్ల ప్రాయమున మెదడుపొర వాపు జ్వరముతో మరణించినాడు. తరువాత పుట్టిన వానికి మరల న్యూటన్ అనియే పేరు పెట్టినారు. ఆ బిడ్డయు యౌవనమున, 1954లో, ఫ్రాన్సు దేశములో ఆత్మహత్య చేసికొన్నాడు. మూడు వివాహములు జరిగినవి. అంకెలలో అంతటి ఓర్పు చూపినవాడు ఇంటివారియెడ ఆ ఓర్పు చూపలేకపోయినాడని దగ్గరివారి మాట. ‘సెక్యూరిటీ అనాలిసిస్’ వెలువడిన సంవత్సరమే అతని నాటకమొకటి న్యూయార్కు రంగస్థలమునకెక్కి, నాలుగు ప్రదర్శనలతో దిగిపోయినది! సాహిత్యాభిలాష మాత్రము వదలలేదు. 1956లో సంస్థను మూసి కాలిఫోర్నియా చేరి, ముసలితనములో స్పానిషు భాష నేర్చి, ఉరుగ్వే రచయిత మారియో బెనెదెత్తీ నవలను ఇంగ్లీషులోనికి అనువదించినాడు. అది 1969లో అచ్చయినది. వాటాల శాస్త్రజ్ఞునిపై తెలుగు పంతులు వ్రాయుటకు ఈ ఒక్క సంగతి చాలునని విమర్శకులకు మనవి.

మరణించిన ఏడాదియే ఒక సంభాషణలో, కంపెనీలను సూక్ష్మముగా శోధించు తన పాత పద్ధతి ఇకపై శ్రమకు తగిన ఫలమియ్యదనియు, కొద్దిపాటి సులభ సూత్రములు చాలుననియు అతడు తెలిపినాడు. నలుబది యేండ్లు బోధించినదానిని తానే తగ్గించి చెప్పుట అందరికి చేతనగు పని కాదు. 1976 సెప్టెంబరు 21న ఫ్రాన్సులోని ఎక్స్-ఆన్-ప్రొవాన్స్‌లో కన్నుమూసినాడు.

అతని సగటు మాత్రము పోలేదు. 1988లో జాన్ కాంప్‌బెల్, రాబర్ట్ షిల్లర్ అను ఆర్థికవేత్తలు ఆ లెక్కకు ద్రవ్యోల్బణ సవరణ చేర్చి, ఒక్క కంపెనీకి గాక మొత్తము అమెరికా బజారుకు అన్వయించినారు. షిల్లర్ 2013లో నోబెల్ బహుమతి పొందిన ముగ్గురిలో ఒకడు. 1996 డిసెంబరులో ఆ ఇద్దరును బజారు మిక్కిలి ప్రియమైనదని అమెరికా కేంద్ర బ్యాంకు పెద్దలకు నివేదించినారు. ఆ మాట నమ్మి ఆనాడే అమ్ముకొన్నవాడు మూడేండ్లకు పైగా పొరుగువారి సంపద పెరుగుట చూచుచు కూర్చుండవలసివచ్చినది. 1999 చివరకు ఆ లెక్క 44 రెట్లకు చేరిన పిదపనే పతనము వచ్చినది. వెల హెచ్చో తగ్గో చెప్పునే గాని, ఎప్పుడు పడునో ఆ సగటు చెప్పదు.

షిల్లర్ పట్టికలలో ఈ రెట్ల లెక్క 1881 వరకు వెనుకకు పోవును. వానిలో 1929 సెప్టెంబరు గడి చూచిన సుమారు 33 రెట్లు, 1932 వేసవి గడి చూచిన 6 కంటె తక్కువ. ఆ మొదటి అంకె గ్రాహమ్ 25 లక్షల డాలర్ల ఇతరుల సొమ్ము చేతబట్టుకొని నిలిచిన నెలది. లెక్క కట్టుటకు కావలసిన లాభముల అంకెలు ఆనాడును అచ్చులో ఉన్నవి.