కొండకు లెక్క కట్టిన రాధానాథ్ సిక్దర్



ప్రపంచంలో అన్నిటికంటె ఎత్తయిన శిఖరం ఏది అని అడిగితే మన బడిలో మూడో తరగతి పిల్లలు గూడ ఎవరెస్టు అని చెప్తరు. అదే అన్నిటికంటె ఎత్తు అని లెక్క కట్టింది ఎవరు అని మొన్న సోషల్ సారు అడిగిండ్రు. మా తొమ్మిదో తరగతిలో ఒక్కరు గూడ చెయ్యి ఎత్తలేదు. నేను గూడ ఎత్తలేదు. సిగ్గనిపించింది. అందుకే సారు ఇచ్చిన పుస్తకాలు చదివి ఈసారి గోడ పత్రికకు ఆయన గురించి రాస్తున్నాను.

ముందుగాల మా ఇంటి ముచ్చట ఒకటి చెప్పాలె. మాది గొల్లపల్లి. మా దగ్గర ఒక గుట్ట ఉన్నది. మా మేకలు దాని మీదనే మేస్తయి. పోయిన ఎండకాలం కొందరు సర్వేవాళ్లు వచ్చి ఆ గుట్టను కొలిచిండ్రు. మా బాపు కూలికి పోయి పొదలు కొట్టి దారి చేసిండు, మూడు కాళ్ల స్టాండు, మిషను భుజం మీద పెట్టుకొని పైదాక మోసిండు. రాత్రి ఇంటికొచ్చినంక గుట్ట ఎంత ఎత్తు వచ్చింది అని నేను అడిగిన. కాగితం మీద రాసుకున్నరు గాని తనకు చెప్పలేదన్నడు. ఆ గుట్ట అడవి లెక్కల పడుతదో, సర్కారు భూమి లెక్కల పడుతదో ఆ కాగితమే చెప్తది. మేకలు ఎక్కడ మేపాలె, బండ కొట్టనిస్తరా లేదా అనేది దాన్ని బట్టే ఉంటది. మోసిన మనిషికి మాత్రం లెక్క తెలువది. రాధానాథ్ గారి కథ చదువుతుంటే నాకు ఇదే యాదికొచ్చింది.

రాధానాథ్ సిక్దర్ 1813లో కలకత్తాలోని జొరాసాంకోలో పుట్టాడు. హిందూ కాలేజీలో చదువుకున్నాడు. లెక్కలంటే ఆయనకు ప్రాణం. 1831లో, ఇంకా ఇరవై ఏండ్లు నిండకముందే, సర్వే శాఖలో కంప్యూటర్‌గా చేరాడు. అప్పట్లో కంప్యూటర్ అంటే యంత్రం కాదు, లెక్కలు కట్టే మనిషి. ఆయన్ని తీసుకున్న పెద్ద దొర పేరు జార్జ్ ఎవరెస్టు.

ఈ సర్వే కథ మన దిక్కు నుంచి కూడ నడిచింది. 1802లో లాంబ్టన్ అనే దొర మద్రాసు దగ్గర సెయింట్ థామస్ మౌంట్ వద్ద నేల మీద ఒక గీతను చాలా జాగ్రత్తగా కొలిచాడు. ఆ గీత రెండు చివరల నుంచి దూరంగా ఉన్న ఒక గుట్టను చూసి కోణాలు కొలిస్తే త్రిభుజం వస్తుంది. ఒక భుజం, రెండు కోణాలు తెలిస్తే మిగతా రెండు భుజాలు లెక్కతోనే తెలుస్తాయి. ఆ భుజం మీద ఇంకో త్రిభుజం, దాని మీద ఇంకోటి. అట్ల త్రిభుజాల గొలుసు హైదరాబాద్ రాజ్యం మీదుగా ఉత్తరానికి పోయింది. కోణాలు కొలిచే థియోడొలైట్ అనే పెద్ద యంత్రం అర టన్ను బరువు ఉండేది. దాన్ని మనుషులే గుట్టల మీదికి ఎక్కించేవాళ్లు. 1819లో కృష్ణా, గోదావరి నదుల నడుమ అడవుల్లో పని చేస్తూ ఎవరెస్టు, ఆయన జట్టు జ్వరాలతో పడిపోయారు. ఆయన దక్షిణాఫ్రికాకు పోయి ఆరోగ్యం బాగు చేసుకొని వచ్చాడు. ఆ జ్వరాల్లో పోయిన కూలీల పేర్లు నేను చదివిన పుస్తకాల్లో ఎక్కడా లేవు.

రాధానాథ్ డెహ్రాడూన్ దిక్కు పని చేస్తున్నప్పుడు 1843లో ఒక సంగతి జరిగింది. సర్వే శాఖ కూలీలతో అక్కడి తెల్ల మేజిస్ట్రేటు తన సామాన్లు మోయించుకున్నాడు. పైసలు ఇయ్యలేదు. అప్పట్లో ఇది మామూలే, మన దిక్కు వెట్టి లాగ. రాధానాథ్ మాత్రం ఊకోలేదు. కూలీల పక్షాన నిలబడి ఇది అన్యాయమని ఎదిరించాడు. కేసు నడిచింది. ఆయనకే 200 రూపాయలు జుర్మానా పడింది. చేరినప్పుడు ఆయన జీతం నెలకు 30 రూపాయలు. అయినా వెనుకకు తగ్గలేదు. నాకు ఆయన లెక్కల కంటె ఇదే గొప్పగా అనిపించింది.

తర్వాత ఆయన కలకత్తాలో చీఫ్ కంప్యూటర్ అయ్యాడు. ఆ రోజుల్లోనే హిమాలయ శిఖరాల కోణాలు కొలుస్తున్నారు. నేపాల్ రాజ్యం సర్వేవాళ్లను లోపలికి రానివ్వలేదు. అందుకని 170 కిలోమీటర్లకు పైగా దూరంలో, మైదానంలో నిలబడి ఆరు చోట్ల నుంచి ఒక శిఖరాన్ని చూశారు. దానికి పేరు లేదు, 15వ నంబరు శిఖరం అని రాసుకున్నారు. అంత దూరం నుంచి చూస్తే గాలిలో వెలుగు వంగి కొండ ఎత్తు ఎక్కువగా కనబడుతుంది. భూమి గుండ్రంగా ఉండడం వల్ల తక్కువగా కనబడుతుంది. ఈ రెండింటినీ సరిచేయడమే అసలు కష్టం. ఆ లెక్కను రాధానాథ్, ఆయన కింద పనిచేసే కంప్యూటర్లు ఏండ్ల తరబడి కట్టారు. 1852 నాటికి అదే అన్నిటికంటె ఎత్తయినదని తేలింది. 1856లో 29,002 అడుగులని ప్రకటించారు. ఇప్పటి లెక్క 8848.86 మీటర్లు. 2020లో నేపాల్, చైనా కలిసి చెప్పినయి. కాగితం, కలంతో కట్టిన ఆ పాత లెక్కకు ఉపగ్రహాలతో కట్టిన ఈ కొత్త లెక్కకు తేడా 9 మీటర్లే!

దోస్తులారా, ఇక్కడ ఒకటి గమనించండి. అంతకు ముందు దక్షిణ అమెరికాలోని చింబొరాజో అన్నిటికంటె ఎత్తు అనుకునేవారు. తర్వాత ధవళగిరి అన్నారు, తర్వాత కాంచన్‌జంగ అన్నారు. ఇప్పుడు కాంచన్‌జంగది మూడో స్థానం. అది ఒక్క అడుగు గూడ కిందికి దిగలేదు, మనిషి లెక్క మారింది, అంతే. మన తూర్పు కనుమల్లో మహేంద్రగిరి అన్నిటికంటె ఎత్తు అని వెనుకట చాలామంది చదువుకున్నారు. దాని ఎత్తు 1501 మీటర్లు. విశాఖ మన్యంలోని ఆర్మకొండ 1680 మీటర్లని తర్వాత పుస్తకాల్లో వచ్చింది. బ్రిటన్‌లో 2000 అడుగులు ఉంటేనే పర్వతం అంటారు. 2008లో అక్కడి వేల్స్‌లో ముగ్గురు మనుషులు ఉపగ్రహాల సాయంతో ఒక గుట్టను మళ్లీ కొలిస్తే 2000 అడుగుల కంటె ఆరంగుళాలు ఎక్కువ వచ్చింది. నిన్నటి గుట్ట తెల్లారి పర్వతం అయ్యింది!

ఆ 15వ నంబరు శిఖరానికి 1865లో ఎవరెస్టు పేరు ఖాయం చేశారు. అక్కడివాళ్లకు తన పేరు పలకరాదని ఎవరెస్టు దొరే వద్దన్నాడు. టిబెట్ వాళ్లు దాన్ని ఎప్పటినుంచో చోమోలుంగ్మా అని పిలుస్తున్నారు. రాధానాథ్ పేరు మాత్రం ఎక్కడా పెట్టలేదు. 1851లో వచ్చిన సర్వే పుస్తకంలో కొన్ని భాగాలు ఆయన రాసినవేనని ముందుమాటలో ఒప్పుకున్నారు. ఆయన 1870 మే 17న చనిపోయాడు. 1875లో అదే పుస్తకం మళ్లీ అచ్చయితే ఆయన పేరు తీసేశారు! చనిపోయినవాడిని దోచుకున్నట్టేనని అప్పటి పత్రిక తప్పుపట్టింది. చివరికి 2004లో మన తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు వేసింది.

ఇంకో సంగతి. 1854లో ఆయన ప్యారీచాంద్ మిత్రతో కలిసి ఒక మాసపత్రిక పెట్టాడు. ఆడవాళ్లు చదువుకోవాలని, వాళ్లకు అర్థమయ్యే ఇంటి మాటల్లో రాయించాడు. మన గోడ పత్రిక గూడ అట్లాంటిదే అనిపిస్తది నాకు.

ఇది చదివినంక నేను ఒక నిర్ణయం తీసుకున్న. దసరా సెలవులకు ఇంటికి పోయినప్పుడు మా గుట్టను నేనే కొలుస్త. సారు దగ్గర కోణమానిని, పొడుగు దారం అడిగిన, ఇస్తనన్నరు. తప్పు వస్తే మళ్ల కొలుస్త. వచ్చిన లెక్కను ముందుగాల మా బాపుకే చెప్త. కాగితం మీద ఎత్తు రాసి, దాని కింద గుట్ట మీదికి మిషను మోసిన వాళ్లందరి పేర్లు రాస్త. మీరు గూడ మీ ఊళ్లల్ల గుట్టలు కొలిచి రాసుకొని రాండ్రి. వచ్చే సంచికలో అన్నీ కలిపి రాద్దాం.